మేస్త్రీ వీసా మీద గొర్ల కాపరి

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టి గొర్లు కాసుకునే నన్ను ఏజెంటు మేస్త్రీ వీసా మీద గల్ఫ్‌కు పంపాడు. అక్కడి సేఠ్ కూడా నాకు గొర్లనే అప్పగించాడు! ఆరేళ్లు ఎవరూ అడగలేదు. తర్వాత, వీసాలో రాసిన పని కాక వేరే పని చేస్తే ఇంటికి పంపేస్తామని కొత్త రూలు తెచ్చారు. నేను పంపితేనే మా ఇల్లు నడిచేది.

ఒక పొద్దున గొర్రె ఈనలేక తన్నుకుంటోంది. పిల్ల అడ్డం తిరిగింది. లోపల చెయ్యి పెట్టి సరిచేస్తుండగా పోలీసు బండి కనిపించింది. నాతో పనిచేసే హాలియా ఊరి మల్లేశం కంచె దూకుతూ అరిచాడు.

"అన్నా, ఇడిసిపెట్టి ఉరుకు!"

"చెయ్యి లోపలున్నదిరా! గొర్రెను గూడ ఎత్తుకొని ఉరకాల్నా?"

చెయ్యి తీస్తే తల్లీ పిల్లా పోతాయి. తీయకపోతే నా బతుకు పోతుంది. తీయలేకపోయాను.

ఏం పని చేస్తావని పోలీసు అడిగాడు. మోచేతి దాకా నెత్తురుతోనే "మేస్త్రీని సార్" అన్నాను. అతను నవ్వాడు. పిల్ల బయటపడేదాకా ఆగి, నన్ను బండెక్కించాడు. మళ్లీ రాకుండా వేలిముద్రలు తీసుకుని పంపేశారు.

మల్లేశం ఇంకా అక్కడే సంపాదిస్తున్నాడు. ఉరికేంత సమయం నాకూ దొరికిందని నా భార్యకు ఇప్పటికీ చెప్పలేదు.

— యాదయ్య, ఆత్మకూరు