పంచకల్యాణి అయిన బర్రె

మా కంపెనీల సరుకు వ్యాగన్లను లోపలికీ బయటికీ గుంజే డీజిల్ ఇంజను ఒకటి ఉన్నది. దానికి నంబరు ఉన్నది గాని ఎవరికీ యాదికుండది. లక్డారం నుంచి కొలువుకు పోయే మా అసొంటోళ్లం దాన్ని బర్రె అంటం. దాన్ని నడిపే డ్రైవరన్న గుంటూరు దిక్కు నుంచి వచ్చి పటేల్‌గూడల ఇల్లు కట్టుకున్నడు. ఆయనకు అది గేదె. నల్లటి ఒళ్లు, దూడ కోసం అరిచినట్టుండే హారను, బుద్ధి పుడితేనే కదులుడు. మాటల తేడా ఉన్నా, అది ఏ జంతువో అన్నకాడ మాకు ఎన్నడూ పేచీ రాలే.

నేను రవాణా సెక్షన్ల గుమాస్తాను. పొద్దుగాల రిపోర్టు రాసుడు నా పని. ఒకనాడు అలవాటు చొప్పున గిట్ల రాసిన: "బర్రె మొరాయించింది. రెండు వ్యాగన్లు గేటు కాడనే నిలిచినయి."

ఆ వారమే కొత్తగా వచ్చిన పెద్దసారు అది చదివి సెక్యూరిటీకి ఫోన్ చేసిండు. నలుగురు గార్డులు కట్టెలు పట్టుకొని కంపెనీ అంతా తిరిగిండ్రు. ఆఖరికి ఒక గార్డు వచ్చి చేతులు కట్టుకొని చెప్పిండు.

"సార్, బర్రె షెడ్డుల ఉన్నది. తోలితే పోయేటట్టు లేదు."

సారు నన్ను పిలిపించిండు. "ఇది పరిశ్రమా, పశువుల కొట్టమా?"

"అందరం గట్లనే అంటం సార్."

"బయటివాళ్లు వింటే ఏమనుకుంటారయ్యా? కంపెనీ ఆస్తికి ఒక గౌరవం ఉండాలి."

గౌరవం కోసం ఐదుగురితోని కమిటీ పడ్డది. నా దస్తూరి మంచిగుంటదని రాసుకునేటందుకు నన్ను కూసోబెట్టిండ్రు. ఇంజను నడిపే డ్రైవరన్నను మాత్రం ఎవరూ పిలవలే. మూడు మీటింగులు, మూడుసార్లు సమోసాలు. ఏనుగు అందామంటే, డీజిల్ ఎక్కువ తాగుతదన్న అర్థం వస్తదని ఒకాయన వద్దన్నడు. చిరుత అంటే సెక్యూరిటీ ఆఫీసరు ఒప్పుకోలే. రిపోర్టుల చిరుత అని పడితే మళ్ల కట్టెలు పట్టుకొని తిరగాల్సింది ఆయన మనుషులే గదా. చివరికి సారే పంచకల్యాణి అన్నడు. నాలుగు కాళ్లు, మొహం తెల్లగుండే రాజుల గుర్రమంట. అందరూ చప్పట్లు కొట్టిండ్రు. నేనూ కొట్టిన.

ఆ కబురు నేనే పోయి డ్రైవరన్నకు చెప్పిన. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నడు.

"గుర్రాన్ని చేసినా కోతిని చేసినా నాకొకటే తమ్ముడూ. బ్యాటరీ అడిగి ఐదు నెలలైంది. ఆ మాట కూడా మీటింగులో అనకపోయావా?"

నాకు మొహం చెల్లలే. మూడు మీటింగుల అందరి మాటలూ రాసిన గాని, అండ్ల నా మాట ఒక్కటీ లేదు.

ఐదు నెలలైనా బ్యాటరీ రాలే గాని, రంగు రెండు రోజులల్ల వచ్చింది. చక్రాలకు తెలుపు, ముందట నుదుటి కాడ ఇంత తెల్ల మచ్చ. పేరు పెట్టేనాడు సారు కొబ్బరికాయ కొట్టిండు. గుంపుల పంజాబు నుంచి వచ్చిన క్రేన్ ఆపరేటరు ఒకాయన ఇంజనును చూసి మురిసిపోతుండె. సారుకు అది నచ్చింది.

"ఏం, పంచకల్యాణి అంటే తెలుసా?"

"తెలుసు సాబ్. మా ఊర్ల మా ఇంట్ల రెండున్నయ్."

"గుర్రాలా?"

"కాదు సాబ్, భైంస్, బర్రెలు. కాళ్లు తెల్ల, నుదురు తెల్ల. పాలు మస్తు ఇస్తది."

ఎవరూ నవ్వలే. అందరం మా బూట్లు చూసుకున్నం. సారు తొందరగా జెండా ఊపిండు. డ్రైవరన్న స్టార్టు నొక్కిండు. ఇంజను ఒక్కసారి గొణిగి ఊకున్నది. ఇంకోసారి నొక్కిండు, మళ్లోసారి నొక్కిండు. ఎండల సారు అంగీ తడిసింది. జెండా పక్కవాళ్లకిచ్చి ఇంజను కాడికి పోయిండు.

"ఏమైందయ్యా ఈ గేదెకి?"

డ్రైవరన్న కిటికీలకెళ్లి నెమ్మదిగ చెప్పిండు. "బ్యాటరీ పోయిందండీ. ఐదు నెలల కిందటే రాసిచ్చాను."

నాలుగో రోజుకు కొత్త బ్యాటరీ వచ్చింది. నోటీసు బోర్డు మీద ఇప్పటికీ పంచకల్యాణి అనే ఉన్నది. నేను రిపోర్టుల గట్లనే రాస్త. నోటితోని మాత్రం అందరం సుక్క బర్రె అంటున్నం. నుదుట మచ్చ ఉన్న బర్రెను ఇంకేమంటరు?

బ్యాటరీ ఏసిన పొద్దున ఇంజను ఒక్క నొక్కుడుకే లేచి ఆరు వ్యాగన్లు గుంజింది. డ్రైవరన్న నన్ను క్యాబిన్‌లకు రమ్మన్నడు. ఇన్నేండ్ల నౌకరిల నేను అందుల ఎక్కుడు అదే మొదలు. "మీటింగుల నేను మాట్లాడాల్సి ఉండె అన్నా" అని నేనంటే, ఆయన ఫ్లాస్కుల చాయ మూతల వంచి నా చేతికిచ్చిండు.

"తాగు తమ్ముడూ, చల్లారిపోద్ది" అన్నడు.