‘మంచిగున్న’ అననియ్యని మా ఖాలా

సిరిసిల్లలో కూతురి ఇంటికి పోయిన మా పక్కింటి ఖాలా, వాడంతా పిన్నమ్మ వరసలో అలా పిలుచుకునే మనిషి, అక్కడే కన్నుమూసిందని మొన్నామధ్య పొద్దున్నే ఫోనొచ్చింది. నిద్రలోనే పోయిందట. అందరినీ పేరుపెట్టి కేకేసి పిలిచే మనిషి చప్పుడు లేకుండా పోయిందంటే మా వాడకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మట్టి వేసి వచ్చాం. మీరు ఆమెను ఎరగరు. అందుకే రాస్తున్నాను.

రాయికల్ దగ్గరి మా ఊళ్లో ఆమె, మా అమ్మ ఒకే అరుగు మీద ఏళ్ల తరబడి బీడీలు చుట్టారు. నేను ఆమె చేతి సేమియా తిని, దొరికిన కరపత్రమల్లా చదివి పెరిగాను. మా ఊరి దవాఖానలో డాక్టరు బదులు ఒక టీవీ తెర పెట్టి, జగిత్యాలలో కూర్చున్న డాక్టరమ్మతో అందులోనే మాట్లాడమన్నప్పుడు నా ఒళ్లు మండింది. "పల్లెకు కావలసింది డాక్టరు, డాక్టరు బొమ్మ కాదు" అని కరపత్రం రాసి, ధర్నాకు రమ్మని ఇంటింటికీ పంచాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఖాలా దాన్ని నాతోనే చదివించుకుంది.

"మంచిగ రాసినవ్ బేటా. గని చదువచ్చినోళ్లకు రోగాల్లేవు, రోగాలున్నోళ్లకు చదువు రాదు. నోటితోని చెప్పు."

"చెప్తే ఎవరింటున్నరు ఖాలా?"

"నేనింట లేనా? ధర్నాకు నేను గూడ అస్త. గని డాక్టరచ్చేదాంక మీ అమ్మ దమ్ము ఆగుతదా? ముందుగాల గా తెర ముంగట కూసోబెట్టు."

అమ్మకు అప్పటికే ఆయాసం. వాకిలి ఊడ్చినా రొప్పేది. ముగ్గురం దవాఖానకు పోయాం. తెరలో డాక్టరమ్మ "ఎట్లున్నరమ్మా?" అని అడిగింది. మా దిక్కు ఎవరైనా అలా పలకరిస్తే ముందు బాగున్నామనాలి, తర్వాత వాళ్ల బాగు అడగాలి. పలకరించీ పలకరించగానే బాధలు విప్పడం మర్యాద కాదు. అమ్మ కొంగు సర్దుకుని, "మంచిగనే ఉన్న బిడ్డా. నువ్వు మంచిగున్నవా? అన్నం తిన్నవా?" అన్నది. డాక్టరమ్మ నవ్వి, తిన్నానని చెప్పి, బలం గోలీలు రాసి, తర్వాతి వాళ్లను పిలవమంది.

నేను నోరు తెరిచేలోపే ఖాలా అమ్మను పక్కకు జరిపి తెర ముందుకు వచ్చింది.

"ఝూట్ డాక్టరమ్మా! ఇంటికచ్చిన సుట్టానికి చెప్పినట్టు చెప్తున్నది. పండుకుంటే దమ్మాడదు, కూసోనే తెల్లార్తది. దగ్గితే కుడి పక్క ఒత్తిపట్టుకుంటది. గదంత మీ కెమెరాల కనవడ్తదా?"

డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. నర్సుతో అమ్మ వేలికి పరికరం పెట్టించి చూసింది. ఆ పూటే కోరుట్ల పోయి ఎక్స్‌రే తీయించమంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని తేలింది. జగిత్యాల పెద్ద దవాఖానలో నీరు తీశారు. ఇంకా ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. నెలల తరబడి మందులు వాడి అమ్మ మళ్లీ మనిషైంది.

అప్పటినుంచి తెర ముందు కూర్చునేవాళ్లంతా ఖాలాను వెంటబెట్టుకుపోవడం మా ఊళ్లో ఆనవాయితీ అయింది. ఊరి పాత దొరల ఇంటి ముసలాయన, బీపీ గోలీలు రోజూ వేసుకుంటున్నానని బింకంగా చెబితే పక్కనుంచి అందుకునేది: "దొరా, డాక్టరమ్మ ముంగట గూడ ఇజ్జతేనా? గోలీలు గూట్లె ఉన్నయి, నువ్వు కల్లు కంపౌండ్ల ఉన్నవ్." ఆయనా నవ్వేవాడు, తెరలో డాక్టరమ్మా నవ్వేది.

అన్నట్టే ధర్నాకూ వచ్చింది. నాకంటే గట్టిగా అరిచింది. మధ్యలో నన్ను పక్కకు లాగి, "కోపం మంచిదే బేటా, గని తిని కోపం జెయ్యి" అంటూ టిఫిన్ డబ్బా విప్పింది.

ఖాలా పోయిందని విని, ఆ డాక్టరమ్మ సెలవు రోజున ఒక్కతే బస్సెక్కి మా ఊరికి వచ్చింది. "ఇన్నొద్దులు మాట్లాడిన, ఎదురుంగ ఒక్కసారన్న సూడలే. ఆమె ఇల్లన్న సూస్త" అన్నది. నేనూ అమ్మా ఆమెను వెంటబెట్టుకుని బయల్దేరాం. బస్టాండు నుంచి మా వాడకు దారంతా ఎత్తు. అమ్మ ముందు నడిచింది, ఖాలా ముచ్చట్లు ఒకదాని వెంట ఒకటి చెబుతూ, ఎక్కడా ఆగకుండా. వెనకనుంచి డాక్టరమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని, "జర మెల్లగ నడువుండ్రి అమ్మా, నాకు దమ్మస్తున్నది" అంటోంది. అమ్మ వినిపించుకోలేదు.