పండుగ కాని ఇప్పపువ్వు

దుమ్ముగూడెం అవతల అడవంచు ఊరికి పగిడయ్య పూజారి. ఇప్పపువ్వు రాలే కాలం వచ్చిందంటే ఊరంతా అతని నోటివైపే చూస్తుంది. వేల్పుకు పెట్టి, పండుగ చేసి, అతను సరేననేదాకా కొత్త పువ్వు ఏరుకోవచ్చు, ఎండబెట్టుకోవచ్చు. నోట మాత్రం వేసుకోకూడదు. ఈ కట్టుబాటును అతను ఇన్నేళ్లూ ఎవరినీ దాటనివ్వలేదు. మనవడికి ముందే నాలుగు పువ్వులు పెట్టిందని పుల్లమ్మను నలుగురిలో నిలబెట్టి తిట్టిన మనిషి. పెద్దరికం అలాంటిది, ఎదుటివాళ్ల మీద ఎంతైనా చెల్లుతుంది.

ఆ ఏడు అది తన గడపలోకే వచ్చింది. కూతురు శ్రావణి తొలిచూలుతో పుట్టింట్లో ఉంది. పొయ్యి మీద ఏది ఉడికినా ఆ వాసనకే వాంతులు. గంజి నిలవదు, అన్నం నిలవదు. ఆసుపత్రి నర్సమ్మ ఊళ్లోకి వచ్చినప్పుడు కనురెప్పలు లాగి చూసి, "ఒంట్ల రక్తం లేదు, ప్రోటీన్ లేదు. నువ్వులు, పల్లీలు ఏదో తీరుగ తినిపియ్యుండ్రి" అని చెప్పిపోయింది. తల్లి గంగక్క పొయ్యి ముట్టించకుండా నువ్వులూ పల్లీలూ బెల్లం వేసి రోట్లో దంచింది. ఆ బెల్లం వాసనకీ పిల్ల మొహం తిప్పేసుకుంది.

"బెల్లం వద్దే అమ్మా. ఇప్పపువ్వు ఏసి దంచు. గదైతే తింట" అంది శ్రావణి.

పువ్వు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, వాకిలి నిండా కొత్త పువ్వు ఎండుతోంది. పాతదేమో వానకు బూజు పట్టిపోయింది. పోనీ పండుగే చేసేద్దామంటే, ఊళ్లో రామన్న తల్లి చనిపోయింది. ఆమె పెద్ద దినం కానిదే పండుగ లేదు.

"ఏమయ్యా, వేల్పు మన బిడ్డను ఎరగదా? ఒక్క ముద్ద" అని బతిమాలింది గంగక్క.

"పుల్లమ్మ మనుమడిని ఎరగదా మరి? ఏ మొకం పెట్టుకొని పెట్టమందునే?"

అన్నాడే గానీ పగిడయ్యకు కాలు నిలవలేదు. వాకిట్లోకి పోయి గుప్పెడు పువ్వు తీశాడు. కేసరాలు దులిపాడు. రోటి దాకా వచ్చాడు. మళ్లీ తీసుకుపోయి చాప మీదే పోశాడు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. కన్నబిడ్డకు గుప్పెడు పువ్వు పెట్టుకోలేని పూజారితనం ఎందుకు, తగలబెట్టనా అని తనను తానే తిట్టుకున్నాడు.

పెద్ద దినం ఇంకా రాకముందే శ్రావణికి నెత్తురు కనబడింది. కిరాయి జీపులో భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లారు. పిల్ల దక్కింది, కడుపులోది దక్కలేదు.

"తిండి లేకనే గిట్ల అయిందా అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాడు పగిడయ్య.

"చెప్పలేం తాతా. తిన్నా దక్కకపోయేదేమో" అందామె. అవునన్నా బాగుండేది, కాదన్నా బాగుండేది. ఏదీ తేల్చని ఆ మాటను మోసుకుని ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత పండుగ జరిగింది. పగిడయ్య వేల్పుకు పెట్టాడు, ఊరికి సరేనన్నాడు. గంగక్క పువ్వూ నువ్వులూ పల్లీలూ కలిపి, నూనె ఊరి ముద్దకట్టేదాకా దంచింది. తొలి ముద్ద పగిడయ్యే తెచ్చి బిడ్డ చేతిలో పెట్టాడు.

శ్రావణి తిన్నది. ఇంకొకటి అడిగి అదీ తిన్నది. పగిడయ్య మునుపటి అలవాటుకొద్దీ వాంతి కోసం సత్తు గిన్నె పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు.

శ్రావణి ఆ గిన్నె వైపు చూసింది.

"గిన్నె లోపల పెట్టు నాయినా. ఇప్పుడు అన్నీ నిలుస్తున్నయ్" అంది.