బెండకాయ చేపలు... వంటింట్లోంచి ఆమెన్

మా చిన్నప్పుడు శ్రమల దినాలొచ్చాయంటే చాలు, మా ఇంట్లో బెండకాయలు చేపలైపోయేవి...

కొల్లేటి పక్కన, కలిదిండి దగ్గర మా ఊరు. నాన్నగారికి చేపల చెరువులుండేవి. పొద్దున చేప, రాత్రి చేప... అలాంటి ఇంట్లో ఈస్టరుకి ముందు వచ్చే ఆ వారాలన్నీ చేపా మాంసం ముట్టకూడదని ఆయన నియమం. పెరట్లో నించుంటే చెరువులో చేపలు ఎగిరిపడే చప్పుడు వినిపించేది. కంచంలో మాత్రం పప్పుచారు. మా తమ్ముడు మొహం మాడ్చుకుని కూర్చునేవాడు.

వాడి కోసం అమ్మ కనిపెట్టిన ఉపాయమే ఇది. లేత బెండకాయల్ని తొడిమ తీయకుండా, కొస తుంచకుండా, పొట్ట చీల్చి, చేపల వేపుడికి వాడే కారమే దట్టించేది. తొడిమ తలకాయ... కొస తోక. ఇనప మూకుట్లో ఎర్రగా వేగి వచ్చేసరికి మా వాడు ముళ్ళు కూడా వెతికేవాడండీ...

బెండకాయ దగ్గర అమ్మకి పట్టింపులెక్కువ. కడిగాక పాత పంచె గుడ్డతో ఒక్కోటీ తుడిచి, చేటలో ఆరబెట్టాకే కత్తిపీట ముందుకి రావాలి. ఉప్పు దించాకే చల్లాలి. ఇక మూత సంగతి అసలు ఎత్తకూడదు. "మూత పెడితే జిగురొచ్చి ముద్దయిపోద్ది" అనేది.

కరకరలాడాలంటే మూకుట్లోంచి నేరుగా కంచంలోకి రావాలి కదా... అందుకని అమ్మ మాతో ఎప్పుడూ కూర్చునేది కాదు. మేం పీటల మీద వరసగా కూర్చుంటే నాన్నగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేవారు. ఆయన ప్రార్థన పొడుగు. చెరువు గట్లు, పనివాళ్ళు, వాన, ఊళ్ళో జబ్బు పడినవాళ్ళు... ఒక్కరినీ వదిలేవారు కాదు. ఇంతలో వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చేది.

"ఏవండీ, కాస్త బేగా ముగించండి... ఇక్కడ బెండకాయలు మాడిపోతన్నాయి."

నాన్నగారు నవ్వాపుకుని ఉన్నపళంగా "ఆమెన్" అనేసేవారు. మేమూ ఆమెన్. మూకుడు సుయ్యిమనే చప్పుడు మీదుగా, చేతిలో అట్లకాడతో, అమ్మ కూడా అక్కణ్ణించే "ఆమెన్" అని కేకేసేది.

నా పక్కన అమ్మ పీట ఖాళీగా ఉండేది. కళ్ళు మూసుకుని నేను అడిగేది ఒక్కటే... దేవా, ఒక్క పూటైనా మా అమ్మ మాతో కూర్చుని వేడివేడిగా తినాలి అని. ఆ మాట పైదాకా వెళ్ళిందో లేదో గానీ, అమ్మ మాత్రం మేమందరం లేచాకే, అడుగున మెత్తబడిపోయినవి వేసుకుని తినేది. "మీరు మిగల్చడమే గొప్ప" అని నవ్వేది. నాకు మాత్రం ఏడుపొచ్చేది.

ఇప్పుడు నేనుండేది తాడేపల్లిగూడెంలో. మొన్న శ్రమల దినాల్లో ఒక శుక్రవారం అమ్మా నాన్నగారూ, తమ్ముడూ మా ఇంటికి భోజనానికొచ్చారు. నేను ఎయిర్ ఫ్రయర్ కొన్నది ఆ పూట కోసమే. నా పాత ప్రార్థనకి జవాబు ఇన్నాళ్ళకి కరెంటు మీద వచ్చిందనుకున్నాను...

అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మూత పెట్టి వేపుడేంటే, విడ్డూరం కాకపోతే" అంది.

"మూత కాదమ్మా, లోపల వేడిగాలి తిరుగుతాది. నువ్వు పక్కన నించోనక్కర్లేదు... మాతో కూర్చోవచ్చు."

తీరా మొదటి వాయి నా కంగారుకి చెడింది. తడి ఆరకుండానే చీల్చి, ఉప్పు ముందే కలిపి, బజారుకెళ్ళే చేపల బుట్టలా కుక్కేశాను. తీసి చూస్తే జిగురు కారుతూ ఉడికిన బెండకాయలు... అమ్మ కొంగు బొడ్లో దోపుకుని "మూకుడెక్కడ పెట్టావే?" అంది.

మూకుడు పొయ్యెక్కిందంటే అమ్మ ఇక కూర్చోదు.

"ఇంకొక్క వాయి చూద్దామమ్మా... ఈసారి అంతా నీ పద్ధతే" అని బతిమాలాను. అమ్మ తుడిచింది, నేను ఫ్యాను కింద ఆరబెట్టాను. కారం దట్టించి, పైన కాస్త నూనె రాసి, ఒకదానికొకటి తగలకుండా పేర్చాను. ఉప్పు గిన్నె పక్కకి జరిపేశాను. మిషను నడుస్తుండగానే అమ్మని చెయ్యి పట్టి తీసుకొచ్చి నా పక్క కుర్చీలో కూర్చోబెట్టాను. ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేద్దామన్నట్టు కుర్చీ అంచునే కూర్చుంది.

నాన్నగారు ప్రార్థన మొదలుపెట్టారు. వాన దాకా వచ్చి ఆగిపోయారు. అలవాటు కదండీ... కేక కోసం చూస్తున్నారు.

అమ్మ కళ్ళు తెరవకుండానే అంది. "ఇప్పుడేం మాడవండీ... నిదానంగా చేసుకోండి."

ఆయన నిదానంగానే చేశారు. జబ్బు పడినవాళ్ళయ్యారు, పిల్లలమయ్యాం, మనవలయ్యారు... అందరూ అయ్యాక ఆఖరున ఇంకో పేరు వచ్చింది. "ఇన్నేళ్ళూ మాకు వండిపెట్టిన సువార్తని చల్లగా చూడు తండ్రీ" అన్నారు. అమ్మ పేరు. ఆయన ప్రార్థనలో అది ఆఖరున ఉండేదన్నమాట... అక్కడిదాకా అమ్మ ఎప్పుడూ రానిచ్చేది కాదు.

నా చెవి పక్కనే "ఆమెన్" అని వినిపించింది. అమ్మ ఆమెన్ అంత మెల్లగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

టింగుమంది. ఉప్పు చల్లి, మొదటి బెండకాయ చేప అమ్మ కంచంలోనే వేశాను. తోక దగ్గర కొరికింది. కరకరమంది. కాసేపు నమిలి, "పర్లేదే... ఉప్పు కాస్త తగ్గింది" అంది. అందరం నవ్వాం. నేను కళ్ళు తుడుచుకోవడం తమ్ముడు చూశాడు.

ఇప్పుడు మా వంటింట్లో సుయ్యిమనే చప్పుడు లేదు, అక్కణ్ణించి వచ్చే ఆ కేకా లేదు... అప్పుడప్పుడు వాటి మీద బెంగగానే ఉంటుంది. కానీ అమ్మ వచ్చిన పూట నా పక్క కుర్చీ ఖాళీగా ఉండటం లేదు.

మీ ఇంట్లో అందరికీ పెట్టి ఆఖరున తిన్నదెవరండీ... వాళ్ళు మీ పక్కన కూర్చుని వేడిగా తిన్న పూట మీకు గుర్తుందా?