ఎదురు తిరిగిన చక్రం

ఆళ్లగడ్డలో, నంద్యాల రోడ్డు మీది షెడ్డులో లారీల వెనక యాక్సిల్ విప్పి బిగించేది హజీరా. పదకొండేళ్లుగా ఆమె చేతిపనే. అయినా వచ్చిన ప్రతి ఓనరూ ముందు అడిగేది "మీ నాయన యాడమ్మా?" అనే. చేతులకు గ్రీజు అంటిన మనిషిని వదిలేసి, కుర్చీలో టీ తాగే మనిషిని వెతకడం వాళ్ల లెక్కలో పెద్ద తెలివి.

కోయిలకుంట్ల నుంచి లారీ తెచ్చిన లోకనాథం ఆ తెలివిలో ఇంకో మెట్టు పైన. పని అయ్యాక, ఇంకా జాకీల మీదే గేరులో ఉన్న లారీ వెనక చక్రాన్ని స్వయంగా ముందుకు తిప్పి చూశాడు. అవతలి చక్రం వెనక్కి తిరిగింది.

"తలకిందులు బిగించినావమ్మా," అన్నాడు.

"లేదప్పా. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల, లోపలిది తక్కువ. దేని వేగం దానికిచ్చే పళ్లచక్రాలు మధ్యలో ఉండాయి. అందుకే గాల్లో ఒకటి తిప్పితే రెండోది ఎదురు తిరుగుతాది. నేల మీద రెండూ ముందుకే పోతాయి."

చిన్నపిల్ల పద్యం అప్పజెబితే విన్నట్టు లోకనాథం ఓపిగ్గా విన్నాడు. తర్వాత కుర్చీలో ఉన్న ఆమె నాయన మాబాషా దగ్గరికి పోయి, "ఏమన్నా, అది అట్ల ఎదురు తిరగొచ్చునా?" అని అడిగాడు. మాబాషా నవ్వుతూ తలూపాడు. లోకనాథం మొహం విప్పారింది.

"చూడమ్మా, మాట కూడా లేకుండా తేల్చినాడు. ఆయన దగ్గర నేర్చుకో."

"నేర్చుకుంటాలేప్పా," అంది హజీరా, జాకీ దించుతూ. "నాయనకు చెవులు పోయి ఎనిమిదేండ్లయింది. ఎవరేమడిగినా టీ కావాల్నా అంటాండారనుకుంటాడు."