అద్దంలా మెరిసిన అట్ల పెనం

ఆ రోజుల్లో వంట గురించి నాకు తెలియని విషయం లేదు, ఒక్క వంట తప్ప. ఇరవై ఆరేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, కొత్త పెళ్లి. మనిషికి అభిప్రాయాలు మరీ ఎక్కువగా ఉండే కాలం. కథలోకి వెళ్లే ముందే ఒక సంగతి ఒప్పుకోవాలి, లేకపోతే మధ్యలో ఎక్కడో నన్ను నేను మంచివాడిగా దిద్దుకుంటానేమోనని భయం. ఆ అట్లతద్దికి ఇంట్లో పెనం పాడుచేసింది నేను. అట్లు రాకపోతే, తెల్లవారుజాము నుంచి మంచినీళ్లు ముట్టని నా భార్య రుబ్బిన పిండి మీద నింద వేసిందీ నేనే. మొదటిది తలుచుకుని ఇంటిల్లిపాదీ ఇప్పటికీ నవ్వుకుంటాం. రెండోది గుర్తొస్తే నవ్వు మధ్యలో ఆగిపోతుంది.

మాది ఖరగ్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, నాన్న కూడా రైల్వేలోనే ఫిట్టరు. నాకు ఆ ఉద్యోగం రాలేదు. పూరీ గేట్ దగ్గర ఒక రేకుల షెడ్డులో చేరాను. ఫ్యాక్టరీలకు కావలసిన ఇనప సామాను అరగదీసి, నునుపు చేసి, మెరుగు పెట్టి పంపడం అక్కడి పని. కొలతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా సరుకు వెనక్కి వచ్చేది. ఆ పట్టింపు షెడ్డులో వదిలేసి ఇంటికి రావలసింది. నేను దాన్ని జేబులో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చాను (జేబులో అంటే మాటవరసకు కాదు, మందాలు కొలిచే వెర్నియర్ నిజంగానే నా చొక్కా జేబులో ఉండేది).

దానికి తోడు స్టేషన్ ఎదురుగా పాత పుస్తకాలవాడి దగ్గర అట్ట ఊడిపోయిన తెలుగు వంటల పుస్తకం ఒకటి దొరికింది. దాన్ని పరీక్షకు చదివినట్టు చదివి, అంచుల్లో ఎర్ర పెన్సిలుతో తప్పులు దిద్దాను. 'తగినంత ఉప్పు' అని ఉన్నచోటల్లా 'ఎంత?' అని రాశాను. 'ఎర్రగా వేగాక' అని ఉన్నచోట 'ఏ ఎరుపు?' అని రాశాను. పనసపొట్టు కూరలోకి నల్ల ఆవాలు ముతకగా ఉంటాయని, ఇక్కడి బెంగాలీలు చేపల్లోకి నూరే పచ్చ ఆవాలే మేలని అమ్మకు ఉపన్యాసం ఇచ్చాను. పోపుగరిటె కాడ మరీ పొడుగని, రుబ్బురోలు పొత్రం ఒక పక్కకి అరిగిపోయిందని, అట్టు మధ్యలో ఎంత మందం ఉండాలో అంచుల్లోనూ అంతే ఉండాలని చెప్పేవాణ్ణి. ఒకసారి కంచంలోని అట్టును వెర్నియర్‌తో కొలుస్తుంటే అమ్మ పట్టుకుంది.

"ఏట్రా అది?"

"మందం సూస్తన్నానే. ఈ పక్క తేడా ఉంది."

"నీ బుర్రలో ఉంది తేడా. తిని లెగు. ఆవాలంట, అరుగుడంట! నువ్వు సెప్పడం ఆపితే నాను వండుతాను."

నా భార్య మా మేనమామ కూతురు. టెక్కలి నుంచి వచ్చి అప్పటికి ఆరు నెలలు. హిందీ కొంచెం, బెంగాలీ అసలే లేదు. పక్కింటి బౌదీ (బెంగాలీలో వదిన) ఏమడిగినా నవ్వి తలూపేది. నేను చెప్పే వంట కబుర్లన్నీ నోరు తెరుచుకుని వినే ఒకే ఒక శ్రోత ఆమే. "నీకు ఎన్ని తెలుసు బావా!" అనేది. అందులో వెటకారం ఎంతో, మెప్పు ఎంతో కొలిచే పరికరం నా దగ్గర లేదు. అంతా మెప్పే అనుకున్నాను.

పెళ్లయిన తర్వాత అది మొదటి అట్లతద్ది. వాళ్లమ్మ ఊరినుంచి ఫోను చేసి గట్టిగా చెప్పింది: పగలంతా ఉపవాసం ఉండాలి, చంద్రుణ్ణి చూశాక నీ చేత్తో పోసిన పదకొండు అట్లు ముత్తైదువకు వాయనం ఇవ్వాలి, ఒక్కటి కూడా చిరక్కూడదు. నా భార్య ఆ మాటను దేవుడి మాటలా పట్టుకుంది. ఊరు కాని ఊరు, భాష కాని భాష. పుట్టింటివాళ్లు పక్కన లేకుండా ఒక్కతే చేస్తున్న మొదటి నోము. వాయనం అందుకోవలసింది మా లైనులో, అంటే మా వరస ఇళ్లలో, పెద్దావిడ, రిటైరైన గార్డు గారి భార్య. మేమంతా గార్డమ్మ అనేవాళ్లం. లైనులో తెలుగువాళ్ల కోడళ్లందరినీ ఆవిడ ఒక చూపుతో తూచేది. ఇంతకీ ఆ నోము ఎవరి బాగు కోసమో వేరే చెప్పక్కర్లేదు. మొగుడి బాగు కోసం.

ఆ మొగుడికి ముందురోజు ఒక ఆలోచన వచ్చింది. మా ఇంట్లో అట్లు పోసే పెనం మా నాయనమ్మ కాలంనాటిది. మందపాటి ఇనుము, దాని మీద ఏళ్ల తరబడి నూనె కాగి కాగి పట్టిన నల్లటి పొర. నా కంటికి అది మురికి. పూజకు వాడే పెనం ఇలాగా ఉండేది? అమ్మ సుభాష్‌పల్లిలో ఉన్న మా పిన్ని ఇంటికి వెళ్లింది, మర్నాడు సాయంత్రానికి గానీ రాదు. పెనం సంచిలో వేసుకుని, సైకిలుకు తగిలించుకుని షెడ్డుకు తీసుకెళ్లాను. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ తింటుంటే నేను ముందు గరుకు బెల్టు మీద, తర్వాత సన్న బెల్టు మీద, చివరికి మెరుగు చక్రం మీద పెట్టి దాని నలుపంతా ఊడ్చేశాను. మా షెడ్డు పెద్ద మేస్త్రీ, మిస్త్రీదా, రొట్టె నములుతూ చూసి, "మా మార్బే రే!" అన్నాడు (మీ అమ్మ కొడుతుందిరా అని). కుళ్లు అనుకున్నాను. అరగంటలో ఆ పెనంలో నా మీసం కనిపించింది. అంత మంచి పని ఆ షెడ్డులో అంతకుముందు నేను చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు.

ఇంటికి తెచ్చి చూపిస్తే నా భార్య రెండు చేతులతో అందుకుంది. "ఓలమ్మ! కొత్తది కొన్నావేటి బావా?"

"మనదే. నీ నోముకని తోమినాను."

ఆమె అందులో ముఖం చూసుకుని బొట్టు సరిచేసుకుంది. ఆ క్షణాన నాకంటే గొప్ప భర్త ఖరగ్‌పూర్ డివిజన్ మొత్తంలో లేడు.

మర్నాడు తెల్లవారకముందే లేచి చద్దన్నం తిని, లైనులో ఆడపిల్లలతో కాసేపు ఆడి వచ్చింది. అంతే, ఇక మంచినీళ్లు కూడా లేవు. పగలంతా పని చేస్తూనే ఉంది. వీధి చివర దుర్గాపూజ పందిరి వెదుళ్లు ఇంకా విప్పుతున్నారు. సాయంత్రం చీకటి పడి చంద్రుడు రేకుల కప్పుల మీదికి రాగానే దణ్ణం పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. గార్డమ్మ పట్టుచీర కట్టుకుని, తోడు ఇద్దరు ముత్తైదువలతో వచ్చి ముందు గదిలో పీట మీద కూర్చుంది.

మొదటి అట్టు పెనానికి అంటుకుంది. మొదటిది ఎక్కడైనా అంటుకుంటుందని ఎవరూ పట్టించుకోలేదు. రెండోది ముక్కలుగా వచ్చింది. మూడోది రానేలేదు, గోకి తీయవలసి వచ్చింది. మంట తగ్గించింది, పెంచింది, నూనె ఇంకాస్త వేసింది. అయిదో అట్టుకు ఆమె అట్లకాడ తిరగేసి అంచు చుట్టూ గీకడం మొదలుపెట్టింది. ముందు గదిలోంచి గార్డమ్మ, "ఏటమ్మా, వాసనొస్తంది గానీ అట్టు రాదేటి?" అంది.

అప్పుడు నాకు తెలిసింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అయిదో అట్టు దగ్గరే నాకు అర్థమైపోయింది. అద్దంలాంటి ఆ ఇనుము మీద పిండి జిగురులా పట్టేస్తోందని, ఇనుముతోనే బతికేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? కానీ ముందు గదిలో ముగ్గురు ఆడవాళ్లు, ఎదురుగా నా మెరుగు పని. పుస్తకం తెచ్చి, పేజీ తిప్పి, అందరికీ వినపడేలా అన్నాను: "పిండి పాళ్లు కుదర్లేదు. మినప్పప్పు ఎక్కువైంది. రుబ్బడం కూడా సరిగ్గా రుబ్బలేదు."

నా భార్య పొయ్యి మంట తగ్గించింది. పిండి గిన్నెలోకి చూసి, "అవును బావా, నాదే తప్పయిందేమో. సేతులు లాగేసినాయి, తొందరపడి తీసేసినాను" అంది. కళ్లనీళ్లు పిండిలో పడకుండా మొహం పక్కకు తిప్పుకుంది.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది. చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి వచ్చి, పళ్లెంలో ముక్కల గుట్టనీ, కోడలి మొహాన్నీ చూసి, చివరికి పొయ్యి మీదికి చూసింది.

"ఇది ఎవులది?"

"మనదే అమ్మా."

"మన పెనం నల్లగుంటాది. ఇదెవులింటినుంచి తెచ్చినారు?"

"మనదేనే. నానే... షెడ్డులో మెరుగు పెట్టినాను."

అమ్మ చేతిలో సంచి కింద పెట్టింది. తర్వాత తడి గుడ్డతో పెనం చెవి పట్టుకుని దించి, దీపం కింద పెట్టి, ఆ గుడ్డతోనే మెల్లగా నిమిరింది. "మా అత్త ముప్పయ్యేళ్లు పోసింది దీని మీద అట్లు. నాను ఇరవయ్యారు. సబ్బు తగలనివ్వలేదురా. యాబయ్యారేళ్లది ఒక్క పూటలో గీకేసినావా?" అని, కోడలివైపు తిరిగి, "నువ్వెందుకు ఏడస్తన్నావే గుంటా?" అంది.

"పిండి బాలేదంట అత్తా."

"ఎవులన్నారు?"

ఎవరన్నారో చెప్పవలసిన పని ఆమెకు పడలేదు. పుస్తకం ఇంకా నా చేతిలోనే తెరిచి ఉంది.

అమ్మ ఒక వంకాయను అడ్డంగా కోసి, నూనెలో ముంచి పెనానికి రుద్ది ఇంకో అట్టు పోయించింది. సగం వచ్చింది, సగం ఉండిపోయింది. పక్కింటి బౌదీ పెనం అడుగుదామంటే అందులో వాళ్లు చేపలు వేయిస్తారు. అప్పుడు గార్డమ్మ లేచి గుమ్మం దాకా వచ్చింది. కోడళ్లను తూచే ఆ చూపు ఈసారి నా మీద పడింది. "మా ఇంట్లో ఉన్నాది పెనం, మీ నాయనమ్మదాని లాటిదే. పిల్లలు పొద్దున్న అట్లు పోసుకున్నారు. ఎల్లి తే. తోమకు!"

వెళ్లి తెచ్చాను. అయిదిళ్ల దూరం. అయిదు గుమ్మాల్లోనూ జనం. వార్త నాకంటే ముందే నడిచింది. తలగుడ్డలో చుట్టిన పెనం గుండెకు ఆనించుకుని వస్తుంటే, "ఏట్రా, దీనికీ మెరుగెడతావేటి?" అని ఒకరు, "నా బిందె కూడా పట్టుకెల్లు బావు!" అని ఇంకొకరు. బౌదీ అయితే వరండాలో నిలబడి, "కీ హోలో?" అని అడిగింది. ఏం జరిగిందో నాకు వచ్చిన మూడు భాషల్లోనూ చెప్పలేకపోయాను.

ఆ పెనం మీద అదే పిండితో మొదటి అట్టే పూర్ణచంద్రుడిలా లేచి వచ్చింది. పదకొండూ వచ్చాయి. గార్డమ్మ వాయనం అందుకుని, ఒక అట్టు అంచు తుంపి నోట్లో వేసుకుని, "పిండి బాగా రుబ్బినావే పిల్లా" అంది, నన్ను చూస్తూ. నా భార్య అప్పుడు నవ్వింది. ఆ తర్వాతే మంచినీళ్లు తాగింది. నేను చిరిగిన అట్లన్నీ తిన్నాను. ఎవరూ తినమనలేదు, వద్దనీ అనలేదు.

మర్నాడు షెడ్డుకు వెళ్లే ముందు గార్డమ్మ ఇంటికీ, మిగిలిన ఇద్దరి ఇళ్లకూ వెళ్లి, పిండి మీద వేసిన నింద అబద్ధమని, అది అబద్ధమని తెలిసే అన్నానని గుమ్మంలో నిలబడి చెప్పాను. గార్డమ్మ, "మాకు సెప్పడానికొచ్చినావేటి? ఇంట్లో సెప్పినావా?" అని తలుపు వేసేసింది. ఇంట్లో చెప్పలేదు. వెనక్కి తిరిగి వచ్చాను. నా భార్య బట్టలు ఆరేస్తోంది. చెప్పాను. ఆమె తడి చీర రెండో కొస నా చేతికిచ్చి, పిండమని సైగ చేసింది. ఇద్దరం చీర పిండాం. అయ్యాక, "తెలిసే అన్నావా బావా?" అని ఒక్కమాట అడిగింది. అవునన్నాను. "ఇంకెప్పుడూ అలగ అనకు" అంది.

ఆ రోజునుంచి రోజూ పొద్దున్న అయిదింటికి లేచి, వంకాయ ముక్క, నూనె గిన్నె పట్టుకుని పెనం ముందు కూర్చున్నాను. అమ్మ వెనకనుంచి చెబుతుంటే కాచడం, రాయడం, ఆరబెట్టడం, మళ్లీ కాచడం. రోజూ రెండు అట్లు పోయడం, రెండూ చిరిగితే నేనే తినడం. పుస్తకంలో ఇది ఎక్కడా లేదు. నెల తిరిగేసరికి పెనం పసుపు రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరిగింది. చలికాలం వెళ్లిపోతుండగా ఒకరోజు అట్టు అంచు తనంతట తానే లేచింది. నా భార్యను కేక వేశాను. ఆమె వచ్చి, నా చేతిలోంచి అట్లకాడ తీసుకుని అట్టు తిప్పింది. ఎక్కడా చిరగలేదు.

"సాల్లే బావా. ఇంక నాను సూసుకుంటాను. రేపట్నించి పడుకో" అంది.

మర్నాడు అయిదింటికి మెలకువ వచ్చింది. కొంతసేపు అలాగే పడుకుని చూశాను. తర్వాత చప్పుడు కాకుండా లేచి పొయ్యి వెలిగించాను. పెనం వేడెక్కుతుంటే లోపలి గదిలోంచి నిద్రమత్తులో, "ఏటి బావా అది?" అంది.

"ఏటీ లేదు. నువ్వు పడుకో, అయ్యాక లేపుతాను" అన్నాను.

ఇరవై ఏళ్లు దాటింది. మా ఇంట్లో పొద్దుటి అట్లు ఇప్పటికీ నేనే పోస్తాను.