బహుమతి ఎవరికో నేనే చెప్తాను

డిటెక్టివ్ నవలల పోటీలో బహుమతి ఎవరికి వస్తుందో ఫలితాలకంటే ముందే చెప్పగలిగిన మనిషి మార్కాపురంలో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. గొప్పలు కాదు, మా బజారులో ఎవరినైనా అడగండి. ఒక వారపత్రిక ఏటా ఈ పోటీ పెడుతుంది. చివరికి మిగిలిన ఐదు నవలలనూ ఫోనులో చదువుకోనిస్తుంది. మా జాకెట్టు గుడ్డల దుకాణంలో బేరాలు లేని మధ్యాహ్నాలు వాటిని నమిలి మింగేస్తాను. తర్వాత "ఇదీ" అంటాను. అదే గెలుస్తుంది.

ఇందులో మంత్రమేమీ లేదు. నవలను చదవడం ఎంత ముఖ్యమో జడ్జీలను చదవడం అంతకంటే ముఖ్యం. మ్యాచింగ్ కోసం చీర పట్టుకొచ్చిన ఆడమనిషికి ఏ రంగు నప్పుతుందనేది వేరు, ఆమె ఏ రంగు కొంటుందనేది వేరు. నేను బతికిందంతా ఆ రెండో సంగతి మీదే.

పోయినేడు ఆ ఐదింట్లో మా కోడలి నవల ఉంది.

కోడలిది అర్ధవీడు. పుట్టింటివాళ్ళకు గొర్రెలున్నాయి. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఫోనులో ఏదో టకటకా కొట్టుకుంటూ ఉండేది. చెల్లెలితో కబుర్లనుకున్నాను. రాసేది నవల అని పత్రికలో పేరు చూశాకే తెలిసింది. పక్క మందుల షాపతను పరిగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, ఈసారి నువ్వు చెప్పేదేముంది? మీ కోడలే గదా!"

"ముందు చదవనీరా నాయనా," అని తరిమేశాను.

చదివాను. గొర్రెల దొడ్డి దగ్గర రాత్రిపూట ఒక ఆసామి హత్య. చూసినవాళ్ళు లేరు. దూరంగా పోతున్న కాపరి ఒకడికి చీకట్లోంచి "వద్దు నాయనా, వద్దు!" అన్న కేక మాత్రం వినపడింది. కోస్తా నుంచి వచ్చిన ఎస్‌ఐ, చచ్చిన ఆసామే ఎవరో కుర్రాణ్ణి బతిమాలాడని తేల్చి, ఊళ్ళో కుర్రాళ్ళనందరినీ పట్టుకుని కుళ్ళబొడుస్తాడు. నేనూ ఆ కుర్రాళ్ళ వెంటే పడ్డాను. చివర్లో ఊరి ఆడ కానిస్టేబుల్ అంటుంది కదా, "సార్, మా పక్క నాయనంటే తండ్రి." కేక పెట్టింది హంతకుడి కొడుకు. కత్తి పట్టిన తండ్రిని ఆపబోయాడు.

ఓరి దేవుడా! వెనక్కి పోయి ఆ కేక దగ్గర్నుంచి మళ్ళీ చదివాను.

సాయంత్రం కోడలు నా ముందుకొచ్చి నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉంది.

"అత్తా, నాది గెలుస్తాదా?"

"గెలవదు. ఆ ఐదింట్లో పాడుబడిన కోట నవలుంది గదా, దానికొస్తాది. జడ్జీల్లో ఒకాయన రిటైరైన పోలీసాఫీసరు. నీ కతలో ఎస్‌ఐ ఎర్రిమొగం. ఆయన ఒప్పుకుంటాడా?"

"అంతేనా?"

"అంతే."

ఆమె మొహం మాడిపోయింది. ఆ రోజు నుంచి వంటింట్లో టకటకలు లేవు. కొన్నాళ్ళు చూసి, రెండో నవల యాడిదాకా వచ్చిందని అడిగాను.

"ఆపేసినా అత్తా. నువ్వే గెలవదంటివి. ఇంగెందుకు?"

అప్పుడైనా ఒక మంచిమాట అనొచ్చు. నోరు తెరిచాను కూడా. కానీ తిట్టు వచ్చినంత సులువుగా మెప్పు రాదు నాకు, మా వంశమే అంత. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పి బయటికొచ్చేశాను.

ఫలితాలొచ్చాయి. కోట నవలే గెలిచింది. మందుల షాపతను మైసూరుపాకు పట్టుకొచ్చాడు, వెనకాల బజారులో సగం జనం.

"నీ నోటికి మొక్కాల పెద్దమ్మా! కోడలని గూడా చూడకుంటివి!"

అందరూ నవ్వారు. కోడలు లోపల వంచిన తల ఎత్తకుండా గుడ్డలు మడతలు పెడుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందిరా నవ్వుతావు? బహుమతి ఎవరికొస్తాదని అడిగితిరి, చెప్తిని. ఏది బాగుందని మీలో ఒక్కడన్నా అడిగినాడా? ఆ కోట కతలో హంతకుణ్ణి మొదట్లోనే పట్టేసినా. నా కోడలు రాసినదాంట్లో చివరిదాకా బోర్లా పడినా! మా అయ్యను చచ్చేదాకా నాయనా అని పిల్చినదాన్ని, ఆ మాటతోనే నన్ను బోల్తా కొట్టించింది. ఇన్నేళ్ళుగా చదవతాండా, నన్నిట్ల మోసం చేసినోళ్ళు లేరు. అది నా కోడలు!"

మడత పెడుతున్న గుడ్డ వదిలేసి కోడలు గుమ్మంలోకొచ్చింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, కోపం కూడా ఉంది.

"ఈ మాట ఆ పొద్దే చెప్పొచ్చు గదా అత్తా?"

"గెలుస్తాదా అని అడిగితివి. బాగుందా అని నువ్వు మాత్రం అడిగినావా?"

"ఇప్పుడు అడగతాండా. బాగుందా?"

"బాగుందే తల్లీ," అన్నాను, బజారంతా వినేట్టు.